మమకారమునకు మెలకువ తోడు

మనుష్యుడు తన యౌవనమున వాడిన వస్తువులలో బహు కొద్దివానిని మాత్రమే వార్ధక్యము వరకు వెంట తెచ్చుకొనగలుగును. తండ్రిగారి చేతిగడియారము, తొలి జీతముతో కొన్న కలము, పెండ్లినాటి పట్టుపంచె వంటివానిని బీరువాలో పెట్టి తాళము వేసినచో నిశ్చింతగా నుండవచ్చును. పాత మోటారుసైకిలు అట్టిది కాదు. అది వీధిలో నిలువవలసినది, వానకు తడియవలసినది, బజారున పదిమంది కంట పడవలసినది. దాచిపెట్టిన నాడు దాని బ్రతుకే ముగియును. కావున దానిని ప్రేమించువానికి, ఇతర స్మారకవస్తువు లేవియు కోరని ఒక గుణము అత్యావశ్యకమగుచున్నది, అది మెలకువ. ఈ అధ్యాయమున చెప్పబూనిన సారమంతయు ఇంతియే: జ్ఞాపకము మనసున నెంత మధురముగా నున్నను, అది చేతులకు పని చెప్పిననాడే ప్రేమ యనిపించుకొనును.

మమకారము పుట్టిన చోటు

1955లో మద్రాసునందు ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమునుండి వచ్చిన భాగములను కూర్చి బులెట్‌ను నిర్మింప నారంభించినది. 1961లో మైసూరునందలి ఐడియల్ జావా కర్మాగారము చెకోస్లోవేకియా దేశపు జావాను మన రహదారులపైకి తెచ్చినది. తరువాతి దశాబ్దమున అదియే యజ్ది యను పేర ప్రసిద్ధి కెక్కినది. ఫరీదాబాదునందలి ఎస్కార్ట్స్ వారు పోలండు దేశపు నమూనా ననుసరించి 175 సి.సి. రాజ్‌దూత్‌ను చేసి పల్లెలకు పంపిరి. పాలబిందెలు ఇరువైపుల వ్రేలాడదీసికొని తెల్లవారకముందే డొంకదారులబట్టి పట్టణమునకు వచ్చు రాజ్‌దూత్‌ను చూడని కోస్తా జిల్లాల గ్రామము ఆ కాలమున అరుదు. 1985లో వచ్చిన 98 సి.సి. యమహా ఆర్‌ఎక్స్ 100 కళాశాలావిద్యార్థుల కలలను దోచికొన్నది. 1996లో మైసూరు కర్మాగారము మూతపడుటయు, ఆర్‌ఎక్స్ 100 నిర్మాణము నిలిచిపోవుటయు ఒక్క సంవత్సరముననే సంభవించినవి. ఆ పేర్లలో కొన్నింటితో నేడు క్రొత్త బండ్లు వచ్చుచున్నను, ఆ పాత ఇనుము మరల పోతపోయబడదు. ఉన్న బండ్ల సంఖ్య తరుగుట యేగాని పెరుగుట లేదు. ఆ కొఱతయే మన మమకారమునకు బలమైనది. దొంగ యాశకును అదియే మూలమైనది.

ఈ బండ్లు మనకేమి నేర్పినవో తెలియవలెనన్న పాత బులెట్‌ను స్టార్టు చేయు విధమును ఒకసారి దగ్గరనుండి చూడవలెను. పెట్రోలు ట్యాపును, తాళపుచెవిని తిప్పి, కిక్కురాడ్‌పై పాదమానించి మెల్లగా నదుముచుండగా హెడ్‌లైటుపైనున్న అమ్మీటరు ముల్లు ఒక ప్రక్కకు వాలి, మరల నడిమికి వచ్చి నిలుచును. అచ్చట ఆగి, ఎడమచేతి దిగువనున్న డికంప్రెషను మీటను నొక్కి, పాదమును మఱికొంచెము దింపి, మీటను విడిచి, కిక్కురాడ్‌ను పైకి రానిచ్చి, అటుపిమ్మట ఒక్క నిండు కిక్కు కొట్టవలెను. ఈ క్రమము పాటించినవాని కాలిక్రింద యంత్రము ఒక్క కిక్కునకే పలుకును. తొందరపడి పిడికిలి బిగించి తన్నినవాని మడమను అది వెనుకకు తన్నును. తండ్రి తన కుమారునకు ముంగిట దీనిని నేర్పునపుడు ఆ పిల్లవాడు నేర్చుకొనునది కండబలము కాదు. ఎదుటి వస్తువు స్వభావమును గమనించి, దాని సమయమునకై వేచియుండు నోర్పు. పాత బండిపై మనకుగల ప్రేమలో సగపాలు ఈ యోర్పుపై గల గౌరవమే.

జ్ఞాపకము రెండు విధములు

జ్ఞాపకములో అలసమైనది ఒకటి, కర్తవ్యపరమైనది ఒకటి కలవు. మొదటిది "ఆ రోజులే వేఱు" అని నిట్టూర్చి ఊరకుండును. అట్టివాని బండి పెరటిలో చిరిగిన టార్పాలిను క్రింద తుప్పుపట్టి, టైర్లలో గాలి దిగి, దీపావళికి ఇల్లు దులుపునపుడు మాత్రమే మనుష్యుని ముఖము చూచును. రెండవది ప్రతి వారము గుడ్డ పట్టుకొని బండియొద్దకు పోవును. చైను బిగువు చూచును. గంటలో పావువంతు కాలము ఇంజను నడిపించును. ఈ రెండవవాడే తన బండిని ఎక్కువ భద్రముగా నుంచుకొనుచున్నాడని నా దృఢమైన యభిప్రాయము. ఏలయన, ఎవరును పట్టించుకొనని బండి కనబడకపోయినను ఎన్నాళ్లకోగాని ఆ సంగతి తెలియదు. దినదినము చేయి తగులు బండి ఒక్క పూట స్థానము తప్పినను ఇల్లంతయు గ్రహించును. పాలనయే తొలి కాపుదల. తాళములు, గొలుసులు దాని తరువాతివి.

దొంగ కంటితో చూచుట

పాత బండ్లకు దొంగభయ మధికమగుటకు మూడు హేతువులు కలవు. మొదటిది తాళము. నలువదేండ్లు తిప్పబడిన తాళమునందలి లోపలి పలకలు అరిగిపోయి, రమారమి సరిపోవు ఏ చెవికైనను లొంగును. పాత జావాలలోనైతే మేకువంటి గుండ్రని చిన్న చెవి దీపములను, ఇంజనును విద్యుత్తుతో కలుపుటకే గాని కాపుదలకై ఉద్దేశింపబడినది కాదు. రెండవది బరువు. ఆర్‌ఎక్స్ 100 బరువు సుమారు 100 కిలోలు మాత్రమే. ఇద్దరు మనుష్యులు ఎత్తి ట్రాలీలో వేసికొనిపోయినచో హ్యాండిల్ లాక్ ఎంత గట్టిదైనను దానికి పని యుండదు. మూడవది విడిభాగములు. చాసిస్‌పైనను, ఇంజనుపైనను అంకెలుండును గాని ట్యాంకు, కార్బురేటరు, సైలెన్సరు, మడ్‌గార్డులపై నుండవు. బండి విప్పబడిన మరుక్షణము ఆ భాగములు ఎవరివో చెప్పగల సాక్ష్యము లోకమున నుండదు.

ఇది తెలిసినవాడు ఒక సాయంకాలము తన యింటి కెదురుగా, వీధికి ఆవలివైపున నిలిచి, తన బండి తనది కాదనుకొని దానివైపు చూడవలెను. దీపపువెలుగు దానిపై పడుచున్నదా? గేటు తెఱచినచో శబ్దమగునా? అడ్డమేమియు లేక వీధిలోనికి దొర్లిపోవునట్లున్నదా? ఎవరి కిటికీనుండి అది కనబడుచున్నది? ఈ పరిశీలనమువలన కలుగు జ్ఞానము ఏ అంగడిలోను అమ్మబడదు. దొంగకు డబ్బుకంటె కాలము విలువైనది. మనము కల్పించు ప్రతి యడ్డంకియు అతని కాలమును హరించును. కొన్ని యడ్డంకులు కలిసిననాడు అతడు ఆ ప్రయత్నమే మానుకొనును.

ఐదు కావళ్లు

మొదటి కావలి స్థలము. బండిని గేటు లోపల ముందుచక్రము గోడకు ఆనునట్లు నిలిపి, వెనుక మఱియొక వాహనమును అడ్డముగా నుంచవలెను. కార్యాలయమున, బజారున కాపలావాని చూపు ప్రసరించు చోటునే ఎంచుకొనవలెను. రైల్వేస్టేషను స్టాండులో ఇచ్చిన చీటిని బండి ప్రక్కడబ్బాలోనో సీటు సందులోనో దూర్చిపోవువారున్నారు. అది బండిని ఇతరుల చేతికి వ్రాసి యిచ్చుటయే యగును.

రెండవ కావలి ఇనుము. నేటి బండ్లకు వాడు డిస్క్ లాకులు పాత బండ్లకు పనికిరావు. వానికున్నవి డ్రమ్ము బ్రేకులు గదా. కావున మందమైన గట్టి యుక్కు గొలుసును కొనవలెను. దానిని చక్రము చువ్వలగుండ మాత్రమే త్రిప్పిన యెడల దొంగ ఇరుసు విప్పి చక్రమును విడిచి మిగిలినది కొనిపోగలడు. అందుచేత గొలుసు చాసిస్ గొట్టమును చుట్టివచ్చి, నేలలో కాంక్రీటు పోసి నిలిపిన ఇనుపకడియమునకు బిగియవలెను. గొలుసు నేలపై ఆనరాదు. ఆనియున్న గొలుసునకు ఆ నేలయే కమ్మరి దాగలి యగును. ఒక్క సమ్మెటపెట్టు చాలును. తాళపురంధ్రము క్రిందివైపునకు ఉండునట్లు చూచుట మంచిది.

మూడవ కావలి యంత్రము. అరిగిన ఇగ్నిషను తాళమును మొదట మార్పించవలెను. తరువాత నమ్మకమైన ఎలక్ట్రీషియనుచేత ఇంజను మంటను ఆపు రహస్యపు స్విచ్చి నొకదానిని, చేతికి వెంటనే తగులని చోట అమర్పించుకొనవలెను. రాత్రివేళ పెట్రోలు ట్యాపు కట్టివేయుట అతిసులభమైన యుపాయము. ట్యాపు కట్టిన బండి కార్బురేటరు గిన్నెలోని కొద్దిపాటి పెట్రోలుతో కొంతదూరము పోయి ఆగిపోవును. ఆగిన బండిని తోయుచు నడివీధిలో నిలిచియుండుటకు సాహసించు దొంగలు తక్కువ. ఎక్కువ దినములు ఊరు విడిచిపోవునపుడు స్పార్క్ ప్లగ్గును తీసి, ఆ రంధ్రమును శుభ్రమైన గుడ్డతో మూసి, ప్లగ్గును ఇంటిలో నుంచవచ్చును. జీపీఎస్ పరికరము నమర్చుకొనదలచినవారు తమ బండి విద్యుత్తు ఎన్ని వోల్టులదో ముందుగా తెలిసికొనవలెను. పాత జావాలు 6 వోల్టులవి. అట్టివానికి సొంత బ్యాటరీగల చిన్న పరికరమే తగినది. నెలకొకసారి దానికి చార్జింగు పెట్టుట మరువరాదు.

నాల్గవ కావలి కాగితము. మన దేశమున మోటారుసైకిలు రిజిస్ట్రేషను 15 సంవత్సరముల వరకు చెల్లును. ఆపై ఐదేసి సంవత్సరములకు మరల చేయించుకొనవలెను. థర్డ్ పార్టీ బీమా చట్టరీత్యా తప్పనిసరియైనను, దొంగతనమువలని నష్టమునకు అది చెల్లదు. దానికి సమగ్రబీమా కావలెను. ఐదేండ్లు దాటిన బండి విలువను యజమానియు బీమాసంస్థయు సంప్రదించుకొని నిర్ణయించుకొందురు. కావున బండి మంచి స్థితిని చూపు ఫోటోలు, మరమ్మతు బిల్లులు చేతనుంచుకొని అడుగువానికి న్యాయమైన విలువ లభించుట కవకాశము కలదు. 50 సంవత్సరములు దాటి, మూలరూపము చెడని బండ్లకు 2021లో కేంద్రము వింటేజి రిజిస్ట్రేషను ఏర్పాటు చేసినది. అట్టి బండ్లను దినదినవ్యవహారమునకు వాడరాదు గాని ప్రదర్శనలకు కొనిపోవచ్చును.

నా యెఱుకలోని యొక పెద్దమనిషి మంచి యజ్దిని కొని, సంతకములైన ఫారములను బీరువాలో భద్రపఱచి, పేరుమార్పు చేయించుకొనుటను సంవత్సరముల తరబడి వాయిదా వేసెను. బండి పోయిన దినమున స్టేషనులో అతనిని మొదట అడిగిన ప్రశ్న "బండి ఎవరి పేరనున్నది?" అనునదియే. పూర్వపు యజమాని అప్పటికే గతించియుండెను. బండిని బిడ్డవలె చూచుకొన్నవాడు, అది తనదని చెప్పుకొనుటకు ఆధారము లేక నిలువవలసివచ్చెను. ఆ దృశ్యమును తలచుకొన్నప్పుడెల్ల, ప్రేమకు కాగితముతో పనిలేదనుట ఎంత పొరపాటో నాకు స్పష్టమగుచుండును.

కాగితముతో చేయదగిన మఱియొక పని కలదు. ఆర్టీవో కార్యాలయమున అలవాటైన పెన్సిల్ ప్రింటును మీరును మీ ఇంట తీసియుంచుకొనవచ్చును. చాలా పాత బండ్లకు చాసిస్ నంబరు హ్యాండిల్ క్రింది మెడభాగమున గ్రుద్దబడియుండును. ఆ చోట గ్రీజును, మురికిని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పలుచని కాగితమును గట్టిగా నదిమిపట్టి, పెన్సిలు ములికిని అడ్డముగా వంచి మెల్లగా రుద్దినయెడల అంకెలు ఒక్కొక్కటిగా తెల్లగా తేలివచ్చును. కర్మాగారమునందలి పనివాడు సుత్తితో గ్రుద్దినపుడు కొంచెము పక్కకు ఒరిగిన అంకె యేదో, లోతుగా దిగిన దేదో ఆ ప్రింటులో కనబడును. ఆ ఒరుగుదలను ఇంకొక బండి అనుకరింపజాలదు. అంకెలను చెరిపి మరల గ్రుద్దినవాని పని బయటపడుటకు ఈ చిన్న కాగితము తోడ్పడును. దీనికి జతగా ట్యాంకు సొట్టలు, వెల్డింగు మచ్చలు కనబడునట్లు ఫోటోలు తీసి, విడిభాగముల లోపలివైపున మీకు మాత్రమే తెలిసిన గుర్తును చెక్కియుంచుడు.

ఐదవ కావలి మనుష్యులు. వాకిట టీకొట్టువాడు, ఎదురింటి వృద్ధుడు, అపార్టుమెంటు వాచ్‌మను, మీ మెకానికు, వీరందఱును ఆ బండిపై కూర్చుండదగినవా రెవరో తెలిసియున్నచో అంతకుమించిన సీసీ కెమేరా లేదు. నలుగురితో సఖ్యముగా నుండుట సద్గుణము మాత్రమే కాదు, రక్షణకూడ. "అమ్ముదురా?" అని దారిలో ఆపి అడుగువారితో మర్యాదగా మాటాడవచ్చును గాని, బండి రాత్రివేళ ఎక్కడ ఉండునో చెప్పనక్కరలేదు. నిజముగా అమ్మదలచినప్పుడు, కొనవచ్చినవానికి ఒంటరిగా ట్రయల్ ఇచ్చుట తగదు; గుర్తింపుపత్రము చూచి, మీరును వెనుక సీటుపై కూర్చుండి వెళ్లవలెను. ప్రకటనలకై ఫోటోలు తీయునపుడు ఇంటి గుర్తులు కనబడకుండ చూచుకొనవలెను.

మన కొనుగోలే దొంగకు కూలి కారాదు

పాత బండ్లను ప్రేమించువారు తమలో తాము చర్చించుకొనవలసిన విషయ మొకటి కలదు. విజయవాడ ఆటోనగర్‌లోనైనను, సికిందరాబాదు రాణీగంజ్‌లోనైనను మనము విడిభాగమునకై తిరుగునపుడు, బిల్లిచ్చు అంగళ్లును, నిజాయితీగల వ్యాపారులును ఎందఱో కనబడుదురు. వారియొద్ద దొరకనిది ఎవడో అపరిచితుడు సంచిలో తెచ్చి సగము ధరకు చూపినప్పుడు, మన హృదయము ఆనందముతో కొట్టుకొనును. ఆ క్షణముననే ఆగవలెను. ఆ ట్యాంకు వెనుక మనవంటివాడే యొకడు ఖాళీయైన తన ముంగిటిని చూచుచు నిలిచియుండవచ్చును. దొంగసొత్తని తెలిసిగాని, తెలియదగిన కారణముండిగాని పుచ్చుకొనుట భారతీయ న్యాయసంహిత 317వ సెక్షను ప్రకారము నేరము. నేరమన్న భయము కంటె గొప్ప కారణము వేఱొకటి కలదు: కొనువాడు లేనినాడు దొంగిలించువాడు లేడు. బిల్లు అడుగుట, అమ్మువాని వివరములు వ్రాసికొనుట, సందేహమున్న భాగమును విడిచిపెట్టుట అను మూడు నియమములను పాటించు ప్రతి యభిమానియు, తానెఱుగని నూర్గురి బండ్లకు కావలి కాయుచున్నాడు. పాత బండినే కొనునపుడును ఇంజను, చాసిస్ అంకెలను రిజిస్ట్రేషనుతో అక్షరాక్షరము పోల్చి, ప్రభుత్వపు వాహన్ రికార్డులో చూచుకొని, పిమ్మటనే బయానా ఇయ్యవలెను.

పోయిన గడియలో

ఇంతచేసినను బండి పోవచ్చును. అప్పుడు దుఃఖమునకు సమయము తరువాత కలదు. మొదటి గడియ కార్యమునకు చెందినది. 112కు ఫోను చేసి, వెంటనే స్టేషనుకు పోయి ఫిర్యాదు వ్రాసియిచ్చి, ఎఫ్ఐఆర్ నకలు పుచ్చుకొనవలెను. అది ఉచితముగా ఇయ్యవలసినదే. 2024 జూలై 1 నుండి అమలునందున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, నేరము జరిగిన చోటు ఏ స్టేషను పరిధిలోనిదైనను సమాచారమును స్వీకరింపవలసియున్నది. ఎలక్ట్రానిక్ పద్ధతిన పంపిన ఫిర్యాదుపై మూడు దినములలోపల సంతకము చేయవలెను. అదే దినమున బీమాసంస్థకును, ఆర్టీవో కార్యాలయమునకును లిఖితపూర్వకముగా తెలుపవలెను. వీధిలోని కెమేరాల దృశ్యములు ఎక్కువ కాలము నిలువయుండవు గనుక, చుట్టుపట్ల ఇండ్లవారిని, అంగళ్లవారిని ఆలస్యము చేయక అభ్యర్థింపవలెను. మీ పెన్సిల్ ప్రింటు, ఫోటోలు, రహస్యపు గుర్తుల వివరము పోలీసుల చేతికిచ్చి, ఊరిలోని మెకానికులకు కబురు పంపవలెను. పాత బండిని ఎఱిగిన మెకానికు దానిని శబ్దము చేతనే ఆనవాలు పట్టగలడు.

భయమునకు చోటీయకుడు

మెలకువ వేఱు, భయము వేఱు. బండి పోవునేమో యని దానిని బయటికి తీయనివాడు, దొంగ చేయవలసిన పనిని తానే చేసినవాడగును. ఆ యానందము అప్పుడే అతని చేజారిపోయినది. ఐదు కావళ్లును నిలిపిన పిమ్మట మనసును విడిచిపెట్టుడు. ఆదివారమునాడు ఉదయమున బండిని తీయుడు, పిల్లవానిని వెనుక కూర్చుండబెట్టుకొనుడు, గేరు మార్చునపుడు చెవితో వినవలసిన దేమో వానికి చెప్పుడు. వస్తువు అశాశ్వతమని పెద్దలు చెప్పినది దానిని ఉపేక్షింపుమనుటకు కాదు. ఉన్నన్నినాళ్లు సంపూర్ణముగా అనుభవించి, శ్రద్ధగా నిలుపుకొనుమనుటకు.

అభ్యాసము

1. ఈ సాయంకాలము వీధికి ఆవలివైపున నిలిచి మీ బండిని పరుని కంటితో చూచి, కనబడిన లోపములను కాగితముపై వ్రాయుడు.
2. రిజిస్ట్రేషను, బీమా, పేరుమార్పు ఈ మూడింటిలో గడువు తీరినదియో, మిగిలియున్నదియో కలదేమో చూచి, ఈ వారముననే ఆ పని మొదలుపెట్టుడు.
3. చాసిస్ నంబరు, ఇంజను నంబరు పెన్సిల్ ప్రింట్లు రెండేసి తీసి, ఒక ప్రతిని ఇంటికి వెలుపల నమ్మకస్తుని యొద్ద నుంచుడు.
4. అరిగిన తాళమును మార్పించి, గొలుసునకు నేలలో కడియము పోయించుడు.
5. రాత్రి పెట్రోలు ట్యాపు కట్టుటను ఇంటి తలుపు గడియ వేయుటతో కలిపి అలవాటు చేసికొనుడు.
6. ఇకమీదట బిల్లులేని విడిభాగమును కొననని మీ తోడి యభిమానుల యెదుట చెప్పుడు, వారిచేతను చెప్పించుడు.

ఈ ఆఱింటిలో ఏదియు గొప్ప ఖర్చుతో కూడినది కాదు, విశేషమైన నైపుణ్యము కోరునది కాదు. వీనికి కావలసినదెల్ల, మనము నిత్యము మాటలలో ప్రకటించు ప్రేమను కొంత చేతలలోనికి మరల్చుటయే. బండిపై అలవడిన ఈ శ్రద్ధ అచ్చటనే ఆగదు. తాతగారి పొలము కాగితములపైకి, తల్లిదండ్రుల ఆరోగ్యముపైకి, చిరకాలపు స్నేహములపైకి తానై వ్యాపించును. మొదటి అభ్యాసమునకు నేటి సాయంకాలముకంటె మంచి ముహూర్తము లేదు, పూనుకొనుడు.